అత్తగారి టేబుల్ ఫ్యాను

వేడి చూడాలంటే అరచేయి కాదు, చేతి వెనక భాగం ఆనించాలి. సోఫాలకు గుడ్డ తొడిగే షాపులో జిగురు డబ్బా వేడెక్కిందో లేదో ఆమె అలాగే చూస్తుంది. కత్తెరా సూదీ పట్టి పట్టి అరచేయి మొద్దుబారిపోయింది. వెనక చర్మానికి ఇంకా తెలివి ఉంది.

ఆ మధ్యాహ్నం స్టేజీ మీద, ఇంకా పాట మొదలు కాకముందే, తన బేస్ గిటార్ యాంప్లిఫయర్ వెనక ఉన్న ఇనుప జాలీకి ఆమె అలా చెయ్యి ఆనించింది. చల్లగానే ఉంది. కాసేపాగి మళ్ళీ ఆనించింది.

"ఇంకా వాయించనే లేదు కదక్కా," అన్నాడు తమ్ముడు మైకు స్టాండు బిగిస్తూ. "జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు ఊరికే చూస్తావేం?"

"రాకముందే చూసుకుంటే మందు వెయ్యొచ్చు."

"ఈసారొస్తే మందేమీ లేదు. చెప్పాగా."

చెప్పాడు. పోయిన ఆదివారం వాళ్ళింట్లో, టీ కప్పులోకి చూస్తూ చెప్పాడు. పాటలు పాడేదీ, బృందాన్ని నడిపేదీ అతనే. "ఇంకొక్కసారి నీ యాంప్ మధ్యలో ఆగిపోయిందంటే ఇక బేస్ వద్దక్కా. ఆ స్వరాలేవో బావమరిది కీబోర్డు మీద ఎడమ చేత్తో వాయించేస్తాడు. వాడి ఎడమ చేతికి పెద్ద పనేం లేదు." పక్కనే కూర్చున్న బావమరిది తన ఎడమ చేతిని ఒళ్ళోంచి తీసి ఎక్కడ పెట్టాలో తెలియక కుర్చీ కిందికి వేలాడేశాడు. మరదలు బిస్కెట్ల పళ్ళెం తెచ్చి, మొహాలు చూసి, పళ్ళెంతో సహా వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ బేస్ గిటార్ మొదట ఆమెది కాదు. తమ్ముడి స్నేహితుడొకడు వాయించేవాడు. ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ దాన్ని తమ్ముడి గదిలో బీరువా పక్కన వదిలేశాడు. దుమ్ము పడుతోంది, దానికో గుడ్డ సంచి కుట్టిపెట్టమని తమ్ముడు తెచ్చి షాపులో ఇచ్చాడు. కొలతలు తీసుకోవడానికి ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. కొలతలయ్యాక కూడా దించలేదు. అప్పటికి పెళ్ళయి, బిడ్డ బడికి వెళ్తోంది. నేర్పేవాళ్ళు లేరు. రేడియోలో పాట వస్తుంటే గాయకుణ్ణి వదిలేసి, అడుగున నడిచే ఆ లావు స్వరాన్ని మాత్రం వింటూ, ఒక్కో తీగ మీద వెతుక్కుంటూ నేర్చుకుంది.

"మేమంతా పైన అరుస్తుంటే నువ్వొక్కదానివే పాతాళంలో తిరుగుతావేంటమ్మడూ," అన్నాడు డ్రమ్ములు వాయించే చిన్నాన్న ఒకరోజు. ఆ పేరే నిలిచిపోయింది. బృందంలో అందరికీ ఆమె పాతాళం.

అత్తగారికి మాత్రం చాన్నాళ్ళు మింగుడు పడలేదు. ఇంట్లో సాధన చేస్తే అలమరలో గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. "మీ కోడలు ఏం వాయిస్తుందండీ?" అని పక్కింటావిడ అడిగితే, "గోడలు," అనేది. ఆ మాట వినలేక పాతాళం తన యాంప్లిఫయర్ని షాపు వెనక గదికి మార్చింది. అక్కడ దూది, ఫోము తుక్కు, గుడ్డపీలికలు.

మొదటిసారి ఆగిపోయింది ఆ తుక్కు వల్లే. ఒక పెళ్ళిరోజు కార్యక్రమంలో, పాట మధ్యలో, మెట్టుందనుకుని కాలు వేస్తే లేనట్టయింది. తీగ మీటింది, శబ్దం లేదు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. మర్నాడు షాపులో మరలు విప్పి చూస్తే లోపలి చిన్న ఫ్యాను రెక్కలకు దూది చుట్టుకుపోయి ఉంది. శుభ్రం చేసి, బిగించి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాయించి చూసింది. జాలీలోంచి వచ్చే గాలికి బల్ల మీది దూదిపింజలు గోడదాకా కొట్టుకుపోయాయి. యాంప్లిఫయర్ కొంచెం కూడా అలిసిపోలేదు.

అయినా ఒకసారి దెబ్బతిన్న మనిషి. జాగ్రత్త చాలదనిపించి, తర్వాతి కార్యక్రమానికి అత్తగారి టేబుల్ ఫ్యాను అడిగింది. అది ఆవిడ మంచం పక్క నుంచి కదిలి ఎరగదు. "నేనేం చేసుకోను మరి, విసనకర్రా?" అంటూనే ఇచ్చింది. దాన్ని యాంప్లిఫయర్ వెనక స్టూలు మీద పెట్టి, జాలీ మీదికే గాలి కొట్టేలా తిప్పింది. ఆరోజు యాంప్లిఫయర్ ఇంకా ముందే ఆగిపోయింది.

పాతదైపోయిందన్నారు అందరూ. హాలు వేడన్నది ఆమె. ఆ తర్వాతే తమ్ముడు టీ కప్పులోకి చూశాడు.

ఇవాళ్టిది మిల్లు కార్మికుల సంఘం వార్షికోత్సవం. రేకుల కప్పు హాలు. పైన తిరిగే పంకాలు వేడి గాలినే కిందికి తోస్తున్నాయి. ముందు వరసలో అత్తగారు కూర్చుంది. మామగారు ఆ మిల్లులోనే పనిచేసి పోయారు. ఆవిడ కళ్ళు కోడలి మీద లేవు, స్టేజీ మీద యాంప్లిఫయర్ వెనక మళ్ళీ స్టూలెక్కిన తన ఫ్యాను మీదున్నాయి.

"పాతాళం, రెడీనా?" చిన్నాన్న పుల్లలు చప్పుడు చేశాడు.

మొదటి పాటలు బాగానే సాగాయి. పాటకూ పాటకూ మధ్య ఆమె వెనక్కి జరిగి చెయ్యి ఆనించేది. గోరువెచ్చన. తర్వాత వెచ్చన. తర్వాత, చెయ్యి ఉంచాలంటే ఉంచొచ్చు గానీ ఉంచబుద్ధి కానంత. చెమట పట్టిన వేళ్ళు తీగ మీద జారుతున్నాయి. షాపులో సాయంత్రం దాకా నడిచింది ఇక్కడ నాలుగు పాటలకే ఇలా ఎందుకవుతుందో అర్థం కాలేదు. షాపులోనూ ఉక్కపోతే. ఇక్కడ పైగా ఇంకో ఫ్యాను ఉంది.

ఆ ఫ్యానే ఇంకాస్త గట్టిగా తిరిగితే? వంగి, దాని చివరి బొత్తాం నొక్కింది. ఫ్యాను రివ్వుమంది.

"వదినా, హెలికాప్టర్ ఎక్కి వెళ్ళిపోతున్నావా?" అన్నాడు కీబోర్డు వెనకనుంచి తమ్ముడి బావమరిది.

"నువ్వు నీ కుడిచేతి సంగతి చూసుకో," అంది. అన్నాక ఆ మాట ఇద్దరికీ గుచ్చుకుంది. అతను తల దించుకుని మీటలు సర్దుకున్నాడు.

తర్వాతిది కార్మికులు అడిగి మరీ పాడించుకునే పాట. నెమ్మదిగా మొదలై ఊపందుకుంటుంది. పల్లవి తిరిగి తిరిగి వస్తుంది. తమ్ముడికి ఉత్సాహం వస్తే ఎప్పుడు ముగిస్తాడో అతనికే తెలియదు. మొదటి చరణం అవుతుండగా ఆమె యాంప్లిఫయర్ వైపు చూసింది. ముందువైపు చిన్న లైటు ఉంటుంది. మామూలుగా పచ్చగా. వేడి హద్దు దగ్గరికి వస్తే ఎర్రబడుతుంది. ఎర్రబడ్డాక కాసేపు ఓర్చుకుని, ఆ తర్వాత తనంతట తనే నోరు మూసుకుంటుంది.

లైటు ఎర్రగా ఉంది.

గిటార్ మీదున్న అడుగు స్వరాల మీట కాస్త తగ్గించింది. యాంప్లిఫయర్‌కు శ్రమంతా ఆ స్వరాలతోనే. నాలుగు సార్లు మీటాల్సిన చోట ఒక్కసారే మీటింది. తమ్ముడు పాడుతూనే భుజం మీదుగా వెనక్కి చూశాడు. అతని కళ్ళు లైటు మీదికి, అక్కడినుంచి బావమరిది మీదికి వెళ్ళాయి. గడ్డం కొద్దిగా కదిలింది. బావమరిది ఎడమ చెయ్యి లేచి, కీబోర్డు అడుగు మీటల పైన, వాటిని తాకకుండా ఆగింది.

అది చూశాక ఆమె ఇంక అటు చూడలేదు. వాయిస్తూనే ఒక్కో అడుగూ వెనక్కి వేసి యాంప్లిఫయర్ పక్కకు చేరింది. మోచేతి దగ్గర రవిక అంచుకు నీలం దారం ముక్క వేలాడుతోంది. పొద్దున కుట్టిన కుర్చీలది. ఫ్యాను గాలికి అది ఊడిపోయి వెళ్ళి జాలీకి అంటుకుంది.

అంటుకుని అక్కడే ఉంది.

తీగ మీద చెయ్యి తన పని తాను చేస్తోంది. ఆమె దారాన్నే చూస్తోంది. షాపులో దూదిపింజలు జాలీ దగ్గర నిలిచేవి కావు, దూరంగా ఎగిరిపోయేవి. లోపలి చిన్న ఫ్యాను వేడిని వెనక్కి, బయటికి ఊదుతుంది. దాన్ని విప్పి కడిగి మళ్ళీ బిగించింది తనే. మరి ఈ దారం లోపలికి పీల్చుకున్నట్టు జాలీకి ఎందుకు అతుక్కుంది?

బయటికి రావాలనుకున్న వేడిని అత్తగారి ఫ్యాను పట్టి లోపలికి తోస్తోంది. చిన్నది బయటికి, పెద్దది లోపలికి. ఇప్పుడే తన చేత్తో పెద్దదాని బలం పెంచింది కూడా.

ఫ్యాను ఆపేద్దామంటే బొత్తాం అటువైపు ఉంది, వంగితే గాని అందదు. తిప్పడానికైనా ఒక చెయ్యి కావాలి. రెండు చేతులూ గిటార్ మీదున్నాయి. ఎడమచెయ్యి తీసేస్తే స్వరం పోతుంది, ఒక్క స్వరం తప్ప. ఏ వేలూ ఆనించకుండా ఉత్తినే మోగే లావు తీగ ఒకటుంది. పల్లవి చివర పాట వచ్చి ఆ స్వరం మీదే కాసేపు కూర్చుంటుంది. అక్కడిదాకా ఆగాలి. లైటూ ఆగాలి.

చరణం నడుస్తోంది. ఎప్పుడూ రెండు ముక్కల్లో అయిపోయినట్టుండే చరణం. ఇవాళ తమ్ముడు ఒక్కో మాటను సాగదీసి సాగదీసి పాడుతున్నాడు. జనం చప్పట్లు కొడుతుంటే వాళ్ళకోసం ఇంకా సాగదీశాడు. "తొందరగా రారా," అనుకుంది పళ్ళ మధ్య. చిన్నాన్న ఆమె పెదాలు కదలడం చూసి కనుబొమలు ఎగరేశాడు. గడ్డంతో ఫ్యాను వైపు చూపించింది. ఆయనకేం అర్థమైందో గానీ, కాలి కింది పెద్ద డ్రమ్మును కాస్త గట్టిగా తొక్కడం మొదలుపెట్టాడు.

పల్లవి వచ్చింది. పాట ఆ స్వరం మీద కూర్చుంది.

కుడిచేత్తో లావు తీగను మీటుతూ, ఎడమ చెయ్యి చాపి ఫ్యాను మెడ పట్టుకుంది. తిరగలేదు. దాని వైరు స్టూలు కాలికి చుట్టుకుని ఉంది. మళ్ళీ మీటింది. లాగింది. స్టూలు గీరుకుంటూ కదిలింది. ముందు వరసలో అత్తగారు సగం లేచి నిలబడడం కంటి కొసకు కనిపించింది. కాలితో స్టూలును అదిమిపట్టి, ఫ్యానును ఎత్తి గిర్రున వెనక్కి తిప్పి పెట్టింది. ఇప్పుడు దాని వీపు జాలీ వైపు, మొహం కీబోర్డు వైపు.

పాట ఆ స్వరం మీదనుంచి లేచిపోయింది. ఆమె ఎడమచెయ్యి ఒక దెబ్బ ఆలస్యంగా తీగ మీదికి వచ్చింది. ఆ ఖాళీని చిన్నాన్న కాలు పూడ్చింది.

నీలం దారం జాలీని వదిలి లేచింది. ఫ్యాను వీపు వైపు కొట్టుకుపోయి, దాని కటకటాల మీద వాలింది. లైటు మాత్రం ఎర్రగానే ఉంది. ఇంకో చరణం ఉంది. తక్కువ మీటుతూ, మీటిన ప్రతిదాన్నీ సరిగ్గా వేళకు మీటుతూ, అందరికంటే వెనక నిలబడి ఆమె ఆ చరణం దాటింది. బావమరిది ఎడమ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. జాలీలోంచి వచ్చే వేడంతా ఇప్పుడు అతని మెడ మీద కొడుతోంది. చొక్కా వీపు బుడగలా ఉబ్బింది. అతను కదలలేదు.

చివరి పల్లవి అయింది. జనం లేచి నిలబడ్డారు. తమ్ముడు ముగించొచ్చు. ఒకసారి వెనక్కి చూశాడు. లైటును చూశాడో అక్కను చూశాడో తెలియదు. చెయ్యి పైకెత్తి వేలు తిప్పాడు, మళ్ళీ మొదటినుంచి అని.

ఆమె అడుగు స్వరాల మీటను మామూలు చోటికి తిప్పింది. నాలుగు మీటాల్సిన చోట నాలుగూ మీటింది. ఆ తిప్పులో లైటు ఎక్కడ పచ్చబడిందో చూడలేదు. చూసేసరికి పచ్చగా ఉంది. బావమరిది ఎడమ చెయ్యి మెల్లగా దిగి, కుడిచేతి పక్కకు వచ్చి చేరింది.

తర్వాత రెండు పాటలు పాడారు. వందన సమర్పణ వేరే ఎవరో చేశారు.

సామాను సర్దుతుంటే బావమరిది వచ్చి ఆమె ముందు మెడ వంచి చూపించాడు. "చూడు వదినా, కాలిపోయిందేమో. పెనం పెట్టినట్టుంది."

"మంచిదే. ఈసారి మఫ్లరు కుట్టిపెడతాను."

"ఆ చెయ్యి..." అని ఆగాడు. "బావ చెప్పాడని ఎత్తాను గానీ."

"చూశాలే," అంది వైరు చుట్టుకుంటూ. "వెయ్యలేదుగా."

అత్తగారు చీర కుచ్చిళ్ళు పట్టుకుని మెట్లెక్కి స్టేజీ మీదికి వచ్చింది. నేరుగా ఫ్యాను దగ్గరికి వెళ్ళి దాని మెడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"అమ్మాయ్, అంతమంది ముందు దీని మొహం గోడకు తిప్పినట్టు అటు తిప్పావేం? ఏం తప్పు చేసింది?"

"తప్పు నాది అత్తయ్యా. ఎదురు పెట్టాను. వేడి బయటికి వస్తుంటే మళ్ళీ లోపలికి నెట్టింది."

ఆవిడ ఫ్యాను మెడ వదిలింది. "అంటే పోయినసారి ఆగిపోయింది కూడా నా ఫ్యాను వల్లేనా?"

"అవును."

"ఎవరికీ చెప్పకు," అంది.

అప్పటికే స్టేజీ మీద అందరూ విన్నారు. చిన్నాన్న పుల్లలు సంచిలో వేసుకుంటూ దగ్గు వచ్చినట్టు నటించాడు.

తమ్ముడు యాంప్లిఫయర్ ఒక పక్క పట్టుకున్నాడు. రెండో పక్క ఆమె పట్టుకుంది. అది ఎప్పుడూ ఇద్దరు మోసేదే. ఎత్తబోతూ అతను చెయ్యి తిప్పి, వెనక భాగం జాలీకి ఆనించి చూశాడు. అక్క చూసినట్టే.

"పై ఆదివారం కార్యక్రమానికి ఆ ఫ్యాను కూడా తెస్తావుగా?" అన్నాడు.

"అడిగి చూడు."

అతను అత్తగారి వైపు తిరిగాడు. ఆవిడ ఫ్యానును బిడ్డను ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని అప్పటికే మెట్లు దిగుతోంది. కటకటాలకు అంటుకున్న నీలం దారం ఆవిడ వెనకే ఊగుతూ వెళ్ళింది.