బిడ్డను ఉతికి ఆరేసిన టీచరమ్మ

ఆ రోజుల్లో పొట్ట కోసి బిడ్డను తీశారంటే మా జగ్గయ్యపేటలో అదో పెద్ద వింత. అరవైల మొదట్లో మాట ఇది. కాన్పంటే మూసిన తలుపు వెనక, నలుగురు ఆడవాళ్ళ మధ్య జరగాల్సిన పని. నేనేమో బెజవాడ వెళ్ళి, మత్తుమందు పీల్చి, ఏ నొప్పీ పడకుండా (అని వాళ్ళనుకునేవారు) బిడ్డతో తిరిగొచ్చాను. చూడవచ్చినవాళ్ళు పాపను చూసి "బాగుందమ్మా" అనేసి, ఆ తర్వాత నా పొట్టవైపే చూస్తూ కూర్చునేవారు. ఒకావిడైతే దగ్గరికి జరిగి, "కుట్లు చేతిపనా, మిషను కుట్టా?" అని రహస్యంగా అడిగింది. చేతిపనేనండీ, కాజాలు తీసి గుండీలు కూడా పెట్టారు అందామనుకున్నాను. కాని అంటే నాకే నవ్వొస్తుంది, నవ్వితే పొట్ట లాగుతుంది.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అత్తమ్మ చెవిటికల్లు నుంచి వచ్చి కొన్నాళ్ళుండి, మిరపకోతలు మొదలవగానే వెళ్ళిపోయింది. మావారు నందిగామలో గుమాస్తా. తోటి గుమాస్తాలతో కలిసి ఒక గదిలో ఉంటూ, శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం తెల్లారి బస్సుకు వెళ్ళేవారు. నా ఉద్యోగం పేటలోని బడిలో. కాన్పు సెలవులో ఉన్నాను. ఇక మిగిలింది రెండు గదుల అద్దె వాటా, అందులో నేనూ, మాటలు రాని పాపా. పిల్లల గోల భరించలేక బల్ల మీద బెత్తంతో కొట్టి "సైలెన్స్!" అని అరిచేదాన్ని కదా, ఆ సైలెన్సంతా మూట కట్టి ఎవరో నా ఇంట్లో పడేసి పోయినట్టుండేది. పలకరించేవాళ్ళు లేక, పాపకు ఎక్కాలు చెప్పుకుంటూ కూర్చునేదాన్ని.

పాపకు నీళ్ళు పోయడానికి రోజూ పొద్దున్నే వెనక వీధి నుంచి ఒక పెద్దావిడ వచ్చేది. ఊరందరికీ ఆవిడ నూనె మామ్మ. పెరట్లో పీట వేసుకుని, రెండు కాళ్ళూ చాపి, పాపను ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె మర్దనా చేసి, సున్నిపిండి రుద్ది, చెంబుతో వేన్నీళ్ళు పోసేది. ఆ పనికి నేను పనికిరాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ నాకు చెప్పి పంపింది: వంగకు, కింద కూర్చోకు, బరువెత్తకు. పసిపిల్లకు నీళ్ళు పోయాలంటే మన ఇళ్ళలో చేయాల్సినవి సరిగ్గా ఆ మూడే. అంచేత నేను గదిలో మంచం మీద పడుకుని, నా బిడ్డ స్నానాన్ని చెవులతో వినేదాన్ని. మామ్మ కాళ్ళ మీద కిక్కురుమనని పాప నా చేతుల్లోకి రాగానే రాగం తీసేది. "నా కాళ్ళెరిగిందమ్మా నీ కూతురు" అని మామ్మ మురిసిపోయేది. ఆ మాట విన్నప్పుడల్లా నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. కన్నది నేనా, మామ్మ కాళ్ళా? కనీసం కనడమైనా నేను మెలకువగా ఉండి కనలేదాయె. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా చేతుల్తో దానికి నీళ్ళు పోసుకుంటే తప్ప అది నన్ను అమ్మ అనుకోదని నాకు గట్టిగా పట్టుకుంది.

ఇంతలో మామ్మకు పరిటాలలో ఏదో శుభకార్యం వచ్చింది. "రెండ్రోజుల్లో వచ్చేస్తా. అందాకా తడిగుడ్డ పెట్టి తుడువు. నీళ్ళు మాత్రం పోయమాక" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. ఆవిడ సందు మలుపు తిరిగిందో లేదో, నేను పాపను నిద్రపుచ్చి, రిహార్సలు మొదలుపెట్టాను. పీట వేసి, గోడ పట్టుకుని మెల్లిగా కూలబడి, కాళ్ళు చాపి, వాటి మీద తలగడ పెట్టుకున్నాను. కూర్చోవడం దాకా బాగానే అయింది. లేవడమే రాలేదు. ఎటు కదిలినా కుట్లు పట్టి లాగుతున్నాయి. పాలామె వచ్చేదాకా అలాగే తలగడను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆమె కేను దించి కాసేపు కళ్ళప్పగించి చూసి, "ఏందమ్మా, తలగడకు తలంటుతన్నావా?" అంది. చంకల కింద చేతులేసి నన్ను లేపింది.

అలా లేచి నిలబడ్డప్పుడు నా నడుము ఎత్తున, నూతి పక్కన, బట్టలుతికే బండ కనబడింది. నిలబడి ఉతుక్కోవడానికి వీలుగా రాళ్ళ మీద పరిచిన నాపరాయి. ఇన్నాళ్ళూ రోజూ చూస్తున్న బండే! మర్నాడు పొద్దున పాలామె చేత దాన్ని శుభ్రంగా కడిగించాను. నీళ్ళ బకెట్టు కూడా ఆమె చేతే పక్కన స్టూలు మీద పెట్టించాను. ఎండ పడి బండ వెచ్చబడ్డాక, మడత పెట్టిన దుప్పటి, దాని మీద పాతచీర పరిచి, నూనె, సున్నిపిండి, తువ్వాలు చేతికందేలా సర్దుకున్నాను. నీళ్ళ వేడి మోచేత్తో చూసుకుని, పాపను పడుకోబెట్టాను. ఒక చెయ్యి పాప మీద, ఒక చెయ్యి చెంబు మీద. వంగలేదు, కూర్చోలేదు, ఏమీ ఎత్తలేదు. మొదటి చెంబుకు పాప ఉలిక్కిపడి ఏడవబోయి, ఎందుకో ఆగి, నా మొహంలోకి చూసింది. దాని వీపు మీద ఒక పుట్టుమచ్చ ఉందని నాకప్పుడు తెలిసింది. నా బిడ్డ వీపు నేను తీరిగ్గా చూడటం అదే మొదలు. ఆ మచ్చ చుట్టూ మెల్లిగా సున్నిపిండి రుద్దాను.

సరిగ్గా అప్పుడే మైకు పిన్నిగారు వచ్చారు. పిన్నిగారంటే మా ఇల్లుగలావిడ. ఆవిడ గుసగుసలాడితే కూడా బజారు దాకా వినబడుతుంది.

"ఓయమ్మో! టీచరమ్మా! బిడ్డను ఉతుకుతున్నావేంటమ్మా!"

"ఉతకట్లేదు పిన్నిగారూ, నీళ్ళు పోస్తున్నా."

"ఉతికే బండ మీద చేస్తే ఉతకడం కాకపోతే మరేంటి?"

వాదించే ఓపిక లేక, పాపను తుడిచి, గుడ్డలో చుట్టి, నులకమంచం మీద లేత ఎండలో పడుకోబెట్టాను. పిన్నిగారు అదీ చూశారు. చూసి వెళ్ళి ఎదురింటావిడతో అన్న మాట ఇది: "టీచరమ్మ బిడ్డను ఉతికి, ఎండలో ఆరేసింది." అందులో అబద్ధం లేదని ఇప్పటికీ ఒప్పుకుంటాను. అయితే ఆ మాట బస్టాండుకు వెళ్ళింది, అక్కడ బస్సెక్కింది, నందిగామలో మావారి ఆఫీసు ముందు టీకొట్టు దగ్గర దిగింది. ఉతికి ఆరేయడమంటే మన తెలుగులో ఏమిటో చెప్పాలా? మత్తుమందు తలకెక్కి టీచరమ్మ పసిగుడ్డును చావగొట్టిందని ఆయనకు అర్థమైంది.

మధ్యాహ్నం మూడు దాటుతుండగా ఆయన వచ్చిపడ్డారు. చొక్కా గుండీలు ఒక కాజా బదులు ఇంకో కాజాలో పెట్టుకున్నారు. "పాపేదీ?" అన్నారు. ఉయ్యాల్లోంచి తీసి కాళ్ళూ చేతులూ తడిమి చూసి, నావైపు తిరిగి, పిచ్చివాళ్ళతో మాట్లాడే మెత్తటి గొంతుతో, "కోపమొచ్చిందా? ఏం చేసావు?" అని అడిగారు.

"ఉతికా, ఆరేసా. ఇస్త్రీ ఒక్కటే మిగిలింది" అన్నాను.

ఆయన మొహం చూసి నాకు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. కుట్లు లాగాయి, నొప్పికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, వచ్చినవి ఇక ఆగలేదు. ఆయన పాపను ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక నా తల మీద పెట్టారు. అసలు సంగతి విన్నాక నూతి దగ్గరికెళ్ళి, బండను తట్టి చూసి, "ఎత్తు సరిపోయిందే" అన్నారు.

మర్నాడు పొద్దున పాప స్నానానికి పెరడంతా సందడి. చేసిన పనికి నొచ్చుకుని పిన్నిగారు తనే నీళ్ళు కాచి తెచ్చారు. ఆయన తువ్వాలు పట్టుకుని నిలబడ్డారు. గుడ్డలో చుట్టినంతసేపూ ఊరుకుని, ఆయన చేతుల్లోకి వెళ్ళాక పాప ఆయన చొక్కా తడిపేసింది. అందరం నవ్వాం. ఆ కాసేపు ఆ ఇల్లు ఇల్లులా ఉంది.

ఆయన ఆ తడిచొక్కాతోనే బయల్దేరారు. గుమ్మం దిగబోతూ ఆగి, "పోనీ, ఇంకో నాలుగు రోజులు సెలవు పెట్టమంటావా?" అన్నారు.

"అబ్బే, ఎందుకండీ! బాగానే ఉన్నాగా. వెళ్ళండి, బస్సెళ్ళిపోద్ది."

ఆయన తలూపి వెళ్ళిపోయారు. నేను లోపలికొచ్చి, పాపను ఒళ్ళో వేసుకుని చాలాసేపు ఏడ్చాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ పిల్లను, అప్పటి నన్ను, తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. వంగకుండా బిడ్డకు నీళ్ళు పోసుకునే ఉపాయం తనంతట తనే కనిపెట్టింది గాని, మొగుడితో "ఉండండి" అనడానికి దానికి నోరు రాలేదు. ఆ మాట అంటే ఉండేవారు.