సోమవారం మూసి ఉండే కిల్లా

యాభై దాటేదాకా నాకు అక్షరం రాదు. అందుకే ఇది అప్పుడు రాయలేదు. అక్షరాలు వచ్చాక కూడా రాయలేదు. ఇంటి ముందు పేరు రాశాను, పిండి డబ్బాల మీద పప్పుల పేర్లు రాశాను. కిల్లా అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగేది. ఊరికి పోయినప్పుడు అందరూ సూరత్ సంగతి అడిగారు. నోటితో చెప్పలేకపోయాను. వాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను ఫౌజులో చేయలేదు. సెక్యూరిటీ గార్డుగా చేశాను. అయినా మా ఇంచార్జి దాన్ని ఫౌజులాగే నడిపాడు.

నన్ను కిల్లా పోస్టుకు పంపింది ఒక ఎండాకాలం. రెండు జతల నీలం యూనిఫాం, బెల్టు, ఈల, వాకీటాకీ ఇచ్చారు. బూట్లు మగవాళ్ళవి. ముందు భాగంలో గుడ్డ కుక్కుకున్నాను. డ్యూటీ పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు. ఆర్డర్లు మూడే. ఆడవాళ్ళ సంచులు చూడాలి. తిండి లోపలికి పోనివ్వకూడదు. పిల్లలను తోపుల మీద, అంటే పాత ఫిరంగుల మీద, ఎక్కనివ్వకూడదు.

కిల్లా అంటే పాత కోట, సూరత్‌లో తాపి నది ఒడ్డున ఉంది. మూలల్లో గుండ్రటి బురుజులు. సముద్రం మీంచి ఓడల్లో వచ్చేవాళ్ళను ఆపడానికి కట్టారని చెప్తారు. అక్కడి నుంచి సముద్రం కనపడదు. పోటు వచ్చినప్పుడు నది వెనక్కి పారుతుంది, గాలిలో ఉప్పు వాసన వస్తుంది. అంతే. లోపల మ్యూజియం. తోపులు, కత్తులు, డాళ్ళు, పాత సిపాయిల బట్టలు.

ఇంచార్జిని అందరూ హవల్దార్ అనేవారు. నిజామాబాద్ దిక్కు మనిషి. ఫౌజులో మంచు కొండల మీద కాపలా కాసి రిటైరై, బిడ్డ దగ్గర ఉందామని సూరత్ వచ్చాడు. నా మాట వినగానే మన దిక్కుదాన్నని గుర్తుపట్టాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకు చెల్లె, ఆయన నాకు అన్న.

మా ఇల్లు భేస్తాన్‌లో. మా ఆయన జోల్వాలో సాంచాలు నడిపేవాడు. పవర్‌లూములను మేము సాంచాలంటాము. మాది నేత ఇల్లే. చిన్నప్పుడు నేను కండెలు చుట్టినదాన్ని. డ్యూటీలో చేరిన కొత్తలో ఒకరోజు అన్నం తింటూ, అద్దం పెట్టెలో పాత ఖాకీ అంగీ ఒకటి ఉందని చెప్పాను. మా ఆయన ముద్ద పట్టుకున్న చేయి ఆపాడు.

"మగ్గం మీదిదా, సాంచా మీదిదా?"

నాకేం తెలుసు, దగ్గరికి పోయి చూడలేదన్నాను. పోయి చూసి చెప్తానన్నాను.

"నువ్వు సూడకు. నువ్వు జెప్పినంక నేను సూసుడేంది? నేనొచ్చి సూసి నీకే జెప్త."

అప్పటి నుంచి ఆయనకు కిల్లా చూపించాలని నాకు, చూడాలని ఆయనకు. కానీ ఆయన కార్ఖానా వైపు వారానికి ఒకరోజు కరెంటు సెలవు. అది సోమవారం. కిల్లా మూసేది కూడా సోమవారమే. మిగతా రోజుల్లో నాగా పెడితే ఆ సాంచాల మీద ఇంకొకరు నిలబడతారు, మరునాడు అవి తిరిగి దొరుకుతాయని నమ్మకం లేదు. అట్లా రెండేళ్ళు గడిచాయి. అంగీ ఉన్న గదికి తుడిచేవాళ్ళను తీసుకుపోయినప్పుడు నేను తల తిప్పుకుని నిలబడేదాన్ని.

కరోనా మొదటి ఏడు, మార్చి చివర అన్నీ బంద్ అయ్యాయి. సాంచాలు ఆగాయి. కిల్లా మూశారు. ఆయనకు ఇప్పుడు వారంలో ఏడు రోజులూ సెలవు. కిల్లాకు కూడా.

మావాళ్ళు చాలామంది కడోదరా దగ్గర హైవే ఎక్కి, దొరికిన లారీలో ఊళ్ళకు పోయారు. నా డ్యూటీ ఉన్నంతవరకు తాను కదలనని ఆయన ఉండిపోయాడు. గార్డులు రెండు వారాలు లోపలే ఉండాలని ఆర్డర్ వచ్చింది. నేను గేటు, హవల్దార్ అన్న నది వైపు బురుజు. ఎండ నిప్పులాగా ఉండేది. మాస్కు లోపల చెమట కారేది. ఊరంత ఊరు చప్పుడు లేకుండా ఉంటే అంతా దిగులుగా ఉండేది.

"గేట్, గేట్, నది మాట్లాడుతున్న. ఏమన్న కదుల్తున్నదా?"

"కుక్క పోయింది అన్నా."

"మాస్క్ ఉన్నదా?"

అట్లా నవ్వుకునేవాళ్ళం. పగలు పని లేదు కాబట్టి అన్న నాకు అక్షరాలు మొదలుపెట్టాడు. బండల మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసి, కిల్లా చుట్టూ రౌండు వేసి రమ్మనేవాడు. తిరిగి వచ్చేసరికి తుడిచేసి ఉండేది. నేను రాయాలి. రాయకపోతే ఇంకో రౌండు. ఫౌజులో కొత్తగా చేరిన రంగరూట్లకు ఇట్లాగే నేర్పారట. బూట్లు అరిగిపోయాయి, అక్షరాలు వచ్చాయి.

సాయంత్రం ఐదింటికి మా ఆయన సైకిల్ మీద టిఫిన్ తెచ్చేవాడు. ఏజెన్సీవాళ్ళు ఇచ్చిన చీటీ చూపిస్తే పోలీసులు వదిలేవారు. గేటు బయట సున్నంతో గుండ్రాలు గీశాము. టిఫిన్ స్టూలు మీద పెట్టి, వెనక్కి పోయి మూడో గుండ్రంలో నిలబడాలి. నిలబడి, మెడ చాచి గోడ మీది నుంచి లోపలికి చూసేవాడు. బురుజు కొస తప్ప ఏమీ కనపడదు. రోజుకొక గది గురించి అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. ఏ దారిన పోవాలో, ఏది ముందు చూడాలో ఆయనే తేల్చాడు. ముందు తోపులు. తర్వాత కత్తులు. అంగీ ఆఖరికి. మంచిది ఆఖరికి ఉండాలనేవాడు. చూశాక నది ఒడ్డున కూర్చుని టిఫిన్ తినాలి. దానికి ఏ కూర వండాలో కూడా తేల్చాడు.

ఒక సాయంత్రం హవల్దార్ అన్న గేటు దగ్గరికి వచ్చాడు. కొంచెంసేపు మమ్మల్ని చూశాడు. తర్వాత గేటు చిన్న తలుపు తీశాడు. ఆయన ఆర్డర్ తప్పడం నేను చూసింది అదొక్కసారే.

"రా బావా. పావుగంటల సూసి పో. ఎవలు లేరు."

మా ఆయన గుండ్రం దాటలేదు.

"దొంగలెక్క ఎందుకు బావా? ఇస్తిరి అంగీ ఏసుకొని, టికెట్ కొనుక్కొని, దీన్ని పక్కకు వెట్టుకొని వస్త. ఇరువై ఏండ్ల సంది ఈ ఊరికి బట్ట నేస్తున్న. ఒక్కనాడన్న సుట్టంలెక్క రానియ్యున్రి."

అన్న తలుపు మూశాడు. మొండోడు చెల్లె, ఫౌజుల పనికొచ్చేటోడు అన్నాడు నాతో. ఖాళీ టిఫిన్ తీసుకుని మా ఆయన సైకిల్ ఎక్కాడు.

వానల తర్వాత సాంచాలు నడిచాయి. కొన్నాళ్ళకు కిల్లా కూడా తెరిచారు. మళ్ళీ సోమవారమే అడ్డం. మరుసటి ఏడు హోలీ దాటాక ఆయన గట్టిగా పట్టుబట్టి బద్లీ మాట్లాడాడు. కడోదరాలో పనిచేసే దోస్తుకు కరెంటు సెలవు ఆదివారం. ఒక ఆదివారం తన సాంచాల మీద ఆ దోస్తు నిలబడతాడు, దోస్తు సాంచాల మీద వచ్చే సోమవారం తాను నిలబడతాడు. నేను కూడా సెలవు పెట్టాను. తెల్ల అంగీ ఇస్తిరీ చేయించి గోడకు తగిలించాడు.

ఆ శుక్రవారం గేటులో ఉన్నాను. వాకీటాకీ మోగింది.

"గేట్, నది. ఆర్డర్ వచ్చింది చెల్లె. రేపటి నుంచి మల్ల బంద్."

"సమజైంది అన్నా."

డ్యూటీ దిగేదాకా సంచులు చూశాను. ఇంటికి పోయి చెప్పాను. ఆయన అంగీ వైపు చూసి, ఉండనీ, ఇస్తిరి యాడికి వోదు అన్నాడు. ఆ ఆదివారం ఇంట్లో కూర్చోలేక సాంచాలకే పోయాడు.

తర్వాతి వారం జ్వరం. రెండు రోజులు గోలీలు వేసుకున్నాడు. మూడో రోజు ఊపిరి అందలేదు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. లోపలికి నన్ను రానివ్వలేదు. ఎవరినీ రానివ్వడం లేదు. బయట చెట్టు కింద ఉన్నాను. ఒక సాయంత్రం నర్సమ్మ ఫోన్ ఆయన ముందు పట్టుకుంది. మూతికి గొట్టం ఉంది. మాట మాటకు ఆగుతున్నాడు.

"తెరిచిన్రా?"

"ఇంకా లేదు."

"తెరుస్తే నా కోసం ఆగకు." ఊపిరి తీసుకున్నాడు. "నువ్వే సూసి జెప్పు."

అప్పుడు తెలిసింది నాకు. మూడేళ్ళుగా చూడొద్దన్న మనిషి చూడమన్నాడు.

మరునాడు ఫోన్ వాళ్ళే చేశారు. ఇస్తిరీ అంగీ తెచ్చాను, వేయమని అడిగాను. కుదరదన్నారు. సంచిలో కట్టినదాన్ని దూరం నుంచి చూపించారు.

ఆ తెల్ల అంగీ వెంట తీసుకుని ఊరికి పోయాను. చేయాల్సినవి చేశాము. వానలు పడే వరకు అక్కడే ఉన్నాను. అందరూ మంచిగానే చూసుకున్నారు. సూరత్ సంగతి అడిగితే మాత్రం లేచి బయటికి పోయేదాన్ని. కిల్లా తెరిచారని అన్న ఫోన్ చేశాక రైలెక్కాను.

ఉధ్నా స్టేషన్‌లో దిగిన రోజు సోమవారం. ఇంటికి పోలేదు. సంచితో నేరుగా గేటు దగ్గరికి పోయాను. తాళం ఉంది. సున్నం గుండ్రాలు వానకు పోయాయి. మూడోది ఎక్కడో నాకు తెలుసు. ఐదయ్యేదాకా అక్కడ కూర్చున్నాను. ఇప్పటికీ ఎక్కడున్నా సాయంత్రం ఐదైతే ఆయన కనపడతాడు. ఖాళీ గుండ్రంలో నిలబడి, మెడ చాచి, గోడ మీది నుంచి చూస్తుంటాడు. అన్న బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రేపు ఏడింటికి డ్యూటీకి రా చెల్లె అన్నాడు.

మరునాడు పొద్దున నేను యూనిఫాం వేసుకోలేదు. చీర కట్టుకుని పదింటికి పోయి లైన్లో నిలబడ్డాను. టికెట్ ఇచ్చే పిల్లవాడు నన్ను చూసి, మౌసీ, నీకు టికెట్ ఏంది అని హిందీలో అన్నాడు. ఇవ్వమన్నాను. గేటులో నా జాగాలో కొత్తమ్మాయి ఉంది. నన్ను చూసి, సంచి చూడకుండానే లోపలికి పొమ్మని చేయి ఊపింది. హవల్దార్ అన్న దూరం నుంచి గట్టిగా చెప్పాడు.

"అందర్ని సూసినట్టే సూడు. సుట్టమొచ్చింది."

ముందు తోపులు చూశాను. తర్వాత కత్తులు. ఆఖరికి ఆ గదికి పోయాను. అంగీ అంచు చూస్తే తెలిసిపోయేది, కానీ లోపలికి మడిచి ఉంది. కింద కూర్చుని, అద్దానికి మొహం ఆనించి, చేతి మడత దగ్గర చూశాను. పేక పోగులు, అంటే అడ్డం పోగులు, ఒకచోట దగ్గరగా, ఒకచోట ఎడంగా ఉన్నాయి. సాంచా అయితే అన్నీ ఒక్కతీరుగా కొడుతుంది. ఒకచోట పోగు తెగితే ముడి వేశారు, కొస కోయలేదు. ఆయన చూసి ఉంటే నేసినవాడిని అక్కడే తిట్టేవాడు.

"మగ్గం మీదిదే" అన్నాను. పైకే అన్నాను. వెనక నిలబడ్డవాళ్ళు కొంచెం జరిగి నాకు చోటు ఇచ్చారు.