మైత్రీ కమిటీవారి టపాకాయలు

ఇరవై రెండేళ్ల వయసులో లోకాన్ని బాగుచేయడం జాకెట్టుకు కాజాలు కుట్టినంత తేలికనిపిస్తుంది. ఆ రోజుల్లో గురజాలలో నాకొక చిన్న టైలరింగ్ షాపు ఉండేది, దానికి మించిన ధైర్యం ఉండేది. స్టేషనుకూ జనానికీ మధ్య వారధిగా ఉండాలని పోలీసువారు మైత్రీ కమిటీ అని ఒకటి వేశారు. అందులో ఒక ఆడమనిషి ఉండాలట, ఆవిడది ఏ పార్టీకీ చెందని ఇల్లై ఉండాలట. మా వైపు అలాంటి ఇల్లు దొరకడం ఎండాకాలంలో రెంటచింతలలో చల్లగాలి దొరకడమే. మా నాన్న బోరు మోటార్ల మెకానిక్కు. మోటారు కాలితే అటువాళ్లైనా ఇటువాళ్లైనా ఆయన దగ్గరికే రావాలి కనుక మా జోలికి ఎవరూ రారు. (మా తటస్థతకు మూలం సిద్ధాంతం కాదు, రాగి తీగ.) అలా నేను మహిళా సభ్యురాలినయ్యాను. మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "స్టేషన్ మెట్లెక్కి దిగే పిల్లని ఎవురు చేసుకుంటారే? సేవంట సేవ! ముందు చంక ముడతల్లేకుండా కుట్టటం నేర్చుకోయే!" అంది. నేను కమిటీవారిచ్చిన టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ ఉండిపోయాను.

మా ప్రెసిడెంటు రిటైరైన డ్రిల్లు మాస్టారు. మెడలో విజిల్ ఎప్పుడూ ఉండేది గనుక అందరికీ విజిల్ మాస్టారే. కమిటీకి వచ్చిన మొదటి పెద్ద పని అందరూ కబుర్ల బాబాయి అని పిలిచే ఒకాయన్ని సొంతూరికి చేర్చడం. ఆ ఊరి పేరు చెప్పను, వాళ్ల మోటార్లు ఇప్పటికీ మా తమ్ముడే చూస్తున్నాడు. మా వైపు పంచాయతీ ఎన్నికల్లో ఓడిపోవడమంటే ఓట్లు తక్కువ రావడం కాదు, ఊరొదిలి పోవడం. బాబాయి వైపువాళ్లు ఓడారు. ఇళ్లకు తాళాలేసి తలో దిక్కుకు పోయారు. ఆయన, మేమంతా పిన్ని అనే భార్యను తీసుకుని నడికుడిలో రైలు కట్ట పక్కన ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఒకప్పుడు బస్సెక్కితే దిగేదాకా నోరు మూయని మనిషి, నేను పలకరించడానికి వెళ్తే గోడకానుకుని కూర్చున్నాడు. "నాకు పదవులొద్దు అమ్మాయ్. మా ఊళ్లో, మా ఇంట్లో ఉండాల. అదొక్కటి చేసి పెట్టండి చాలు" అన్నాడు. చేసి పెడతామని మాటిచ్చేశాను. మాటకేం, ఖర్చా!

గెలిచిన పార్టీకి పెద్ద, మీసాల పెదనాన్న. బాబాయికి వరసకు అన్నే. ఎస్సైగారు పిలిచి అడిగితే, "రమ్మనండయ్యా, నేనే ఎదురొచ్చి తీసకపోతా" అన్నాడు. ఇంకేం, మంచిరోజు చూసి టోపీలు పెట్టుకుని, బ్యానరు పట్టుకుని, బాబాయిని జీపెక్కించుకుని బయల్దేరాం. ఊరి మొదట్లో పెదనాన్న తన మనుషులతో నిలబడి ఉన్నాడు. బాబాయి దిగి రెండడుగులు వేశాడో లేదో, ఢాం ఢాం ఢాం!

సంగతేమిటంటే, రిబ్బను కత్తిరించినా, మొక్క నాటినా టపాకాయలు కాల్చనిదే మాస్టారికి కార్యక్రమం పూర్తయినట్టుండదు. స్వాగతానికని ముందే ఒక పెద్ద టపాకాయల దండ తెప్పించి, మాకెవరికీ చెప్పకుండా కుర్రాళ్ల చేత రోడ్డు పక్కన ముట్టింపజేశాడు. ఆ ఊళ్లో దీపావళి కంటే బెయిలు వచ్చిన రోజే టపాకాయలు ఎక్కువ. వాటి చప్పుడు చాటున నాటుబాంబులు పడ్డ రోజులూ ఉన్నాయి. అందుకే ఎవరూ ఆలోచించలేదు. కొట్ల షట్టర్లు దబదబా పడ్డాయి. ఎస్సైగారు జీపు వెనక్కి చేరారు. తెప్పించింది తానేనని మరిచి మాస్టారు బ్యానరు కప్పుకుని బోర్లా పడుకున్నాడు. నేనూ బాబాయీ పక్కనున్న మురిక్కాలవలోకి దూకాం. మా మీద ఇంకో బరువైన మనిషి వచ్చి పడ్డాడు. చూస్తే మీసాల పెదనాన్న!

"ఎవుర్రా కాల్చింది? మీవోళ్లేనా?" అన్నాడు రొప్పుతూ.

"మావోళ్లు ఊళ్లో ఏడున్నారన్నా? అందర్నీ తోలేస్తిరిగా!"

మోకాళ్ల దాకా బురద. ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకునే ఉన్నారు. కాసేపటికి పెదనాన్న గొంతు తగ్గించాడు. "తమ్ముడూ, జీపుతోపాటే ఎల్లిపో. ఎస్సై ముందర సరేనన్నాగానీ మా కుర్రోళ్లు నా మాట వినే రోజులు పోయినయ్. జీపు కదిలినాక నిన్ను నేను కాయలేను."

"నిన్ను నమ్ముకునే వచ్చానన్నా!"

"అందుకేరా చెప్తున్నా!"

ఎస్సైగారికి చెబుదామని నేను నోరు తెరవబోతే బాబాయి నా మణికట్టు పట్టుకున్నాడు. "చెప్పమాక అమ్మాయ్. ఈ మాటన్నాడని తెలిస్తే ఆళ్లోళ్లే ఆయన్ని బతకనీయరు" అన్నాడు. అప్పటికి చప్పుడు ఆగింది. టపాకాయలని తెలిసి జనం నవ్వడం మొదలెట్టారు. అన్నదమ్ములిద్దరూ ఒకరికొకరు చెయ్యందించుకుని కాలవ ఎక్కుతుంటే విలేకరి ఫొటో తీశాడు. మర్నాడు పేపర్లో, 'చేయీ చేయీ కలిపిన సోదరులు' అని వేశారు. (బురద మాత్రం చల్లగా కత్తిరించారు. మూలన నా టోపీ పడింది.)

బాబాయి తాళం తీసి ఇంట్లోకి వెళ్లాడు. గడప లోపల కాసేపు కూర్చుని లేచి మళ్లీ తాళం వేశాడు. "ఏంటయ్యా, ఉండవా?" అని ఎస్సైగారు అడిగితే, "సామాను తెచ్చుకునొస్తానండయ్యా" అన్నాడు. జీపెక్కి మాతోనే నడికుడికి తిరిగొచ్చేశాడు. మాకు స్టేషన్లో శాలువాలు కప్పారు. నేను ఆ శాలువా తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, ఇంట్లోకి వెళ్లి ఏడ్చాను. పెళ్లి సంబంధాల గురించి ఆవిడ ఆ రోజు ఏమీ అనలేదు.

చాలా ఏళ్లకు బాబాయి నడికుడిలో ఆ అద్దె గదిలోనే పోయాడు. దహనం సొంత చేలో చేయాలని పిన్ని పట్టుబట్టింది. ఈసారి ఎస్సైగారిని పిలవలేదు, కమిటీనీ పిలవలేదు. మీసాల పెదనాన్న బస్సులో ఒక్కడే వచ్చి, శవాన్ని ట్రాక్టరెక్కించి, పక్కనే కూర్చుని ఊరికి తీసుకెళ్లాడు. ఊరంతా బయటికొచ్చి నిలబడింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. బాబాయిని ఆయన ఇంటి ముందు, సొంత అరుగు మీద, సాయంత్రం దాకా పడుకోబెట్టారు.

ఊరికి చేర్చడమంటే జీపులో తీసుకెళ్లి దించి రావడమేననుకున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్లని తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఎంత మంచి పిల్లో పాపం.