వంగ మొక్క మీద టమాటా కొమ్మ

హిందూపురంలో బస్సెక్కిన ధర్మవరం నేతగాడొకాయన నా పక్కన కూర్చున్నాడు. ఒడిలో ప్లాస్టిక్ కవరు తొడిగిన చిన్న కుండీ. కూతురింట్లో నాటు టమాటా చెట్టు కాయకముందే వేరు కుళ్ళిపోతుంటే, మిగిలిన ఒక్క కొమ్మనూ కోసి వంగ మొక్కకు అంటుకట్టాడట. కట్టిన దారం పట్టుదే గానీ, అంటు పట్టిందో లేదో ఇంకా తెలియదు.

"వారం నీడలో పెట్టాల. మగ్గం మీద చీర ఉండాది, ఆగేకి కాదప్పా."

పెనుకొండలో బస్సు చాలాసేపు ఆగింది. ఎండ నేరుగా కుండీ మీదికొచ్చింది. కవరు తీస్తే కొమ్మ గాలికి వాడిపోతుంది, తీయకపోతే లోపలే ఉడికిపోతుంది. నేను లేచి కిటికీకి అడ్డంగా నిలబడ్డాను. ఇంట్లో అందరూ ఎగతాళి చేసే నా పొట్ట ఒక ప్రాణానికి నీడైంది, అదీ సగానికే.

ఆయన ముఖం తిప్పుకున్నాడు. "నువ్వు చూడబ్బా. తల వాల్చిందా?"

కవరు లోపలంతా చెమట పట్టింది. "కనపడడం లేదన్నా."

"తుడవొద్దులే. ఇంకా ఊపిరి తీస్తాండాదేమో."

బస్సు కదిలాక కండక్టరు నవ్వాడు. "సీటుండీ నిలబడతావేం సార్?"

ధర్మవరం దాకా నేను కూర్చోలేదు. ఆయన కుండీ వంక చూడలేదు.