అమ్మ కుట్టిన విమానం రెక్కలు

నా చిన్నతనపు ఆదివారాలు చాలావరకు ఒక విమానం రెక్క నీడలోనే గడిచాయి... నిజంగానే.

తగరపువలస నుంచి భీమిలి వెళ్లే దారిలో, జీడితోటలు దాటాక, ఒక ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్ ఉండేది. గడ్డి కోసి చదును చేసిన పొడవాటి నేల, చివర ఒక రేకుల షెడ్డు... అంతే. పొలాల మీద పురుగుమందు చల్లే విమానం నడిపి రిటైరైన పెద్దాయన ఒకరు దాని యజమాని. అందరూ ఆయన్ని కెప్టెన్ గారు అనేవాళ్లు. మూలనపడ్డ పాత విమానాలను తెచ్చి బాగుచేసుకోవడమే ఆయన లోకం.

షెడ్డులో రెండు ఉండేవి. ఒకటి ఆయన నడిపిన మందు విమానం. ఇంకోటి ఎప్పటిదో... పైలట్లకు శిక్షణ ఇచ్చిన పసుపురంగు విమానం. దానికి రెక్క మీద రెక్క. కర్ర చట్రానికి గుడ్డ తొడిగిన రెక్కలు.

ఆ గుడ్డ చివికిపోయింది. ఓ రోజు కెప్టెన్ గారు జీపేసుకుని మా ఇంటికొచ్చారు. మా అమ్మ సత్యవతి ఊళ్లో జాకెట్లు కుట్టేది లెండి.

"విమానానికి గుడ్డ కుట్టాలమ్మా" అన్నారాయన.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏటి బాబూ, ఇమానానికి జాకెట్టా?"

"అలాంటిదేననుకో. బిగువు మాత్రం తగ్గకూడదు."

"అయితే నాను సూడాల. సూసినాకే సెప్తాను."

ఆ సాయంత్రమే వెళ్లి చూసింది. రెక్క చుట్టూ తిరిగి, కర్రల మధ్య చెయ్యి పెట్టి తడిమి, "కుట్టగలను బాబూ... ఎలాగో ఒకపాలి సూపించండి" అంది.

అలా మొదలైంది. రెక్కని నిలువునా నిలబెట్టేవారు. ఇటు అమ్మ, అటు కెప్టెన్ గారు. మైనం రాసిన దారంతో అమ్మ పొడవాటి సూది గుచ్చితే, ఆయన అటునుంచి లాగి మళ్లీ ఇటు గుచ్చేవారు. మధ్యలో రెక్క... ఒకరి ముఖం ఒకరికి కనబడదు. కబుర్లు మాత్రం ఆగేవి కావు. నేను నీడలో చాప మీద పడుకుని వినేదాన్ని. కుట్టాక గుడ్డ మీద ఏదో ద్రావకం పూసేవారు. గోళ్లరంగు వాసన... ఆరేసరికి గుడ్డ బిగిసిపోయి, వేలితో తడితే డప్పులా మోగేది.

అన్నీ అయ్యాక, ఎగరడానికి అనుమతి రాలేదు. "ఎగరకపోతే ఏం, పరుగెత్తిద్దాం" అన్నారు కెప్టెన్ గారు. ముందు సీట్లో అమ్మని కూర్చోబెట్టారు. కొంగు బిగించి, తలకి తోలు టోపీ పెట్టుకున్న అమ్మని చూసి నేను గుర్తుపట్టలేకపోయాను!

"భయమేస్తే చెయ్యెత్తు, ఆపేస్తాను" అన్నారు.

ఇంజను గర్జించింది. గడ్డి అంతా వెనక్కి వాలిపోయింది. విమానం అటు చివరి దాకా ఉరికి, తిరిగి మా ముందుకొచ్చేసరికి అమ్మ చెయ్యి పైకెత్తి ఉంది. ఆయన గబుక్కున ఆపేశారు.

"ఏమైందమ్మా? భయమేసిందా?"

"బయమేటి బాబూ... ఇంకోపాలి తిప్పమని!"

ఆ రోజు కెప్టెన్ గారు నవ్విన నవ్వు నాకిప్పటికీ వినబడుతుంది...

ఆయన పోయి కొన్నేళ్లయింది. పక్కనే పెద్ద విమానాశ్రయం వస్తోంది కదా... చుట్టుపక్కల నేలకి గిరాకీ వచ్చింది. ఆయన కూతురు కల్యాణి గారు విశాఖలో ఉంటారు. స్థలం అమ్మక తప్పలేదు. కొన్నవాళ్లు షెడ్డు ఖాళీ చేయమన్నారు. విమానాలు తీసుకోమని కాలేజీలనీ, మ్యూజియంలనీ అడిగారట. చూద్దాం అన్నవాళ్లే తప్ప తీసుకెళ్లినవాళ్లు లేరు.

ఆమె ఫోన్ చేస్తే పోయిన నెల నేనూ అమ్మా వెళ్లాం. మేం వెళ్లేసరికే మందు విమానం ముక్కలై పాత ఇనుము లారీలో ఉంది. అమ్మ దాని తోకని చేత్తో నిమిరింది. తర్వాత పసుపు విమానం దగ్గరకెళ్లింది. తుఫానుకి షెడ్డు రేకు ఊడిపడి ఒక రెక్క చిరిగింది. మిగతా కుట్లు గట్టిగానే ఉన్నాయి.

"దీన్నేటి సేత్తావమ్మా?" అని అడిగింది కల్యాణి గారిని.

"తెలీదండీ... పెట్టడానికి చోటు లేదు. నాన్నగారి ప్రాణం ఇది. లారీ ఎక్కించమని చెప్పడానికి నోరు రావట్లేదు." ఆమె కళ్లు తుడుచుకున్నారు.

"అయితే సెప్పకు. రెక్కలు ఊడదీయించు. నా కుట్టు సెంటర్లో పెడతాను. మిగతాది దాసడానికి నువ్వు సోటు సూడు."

"మీ పని ఆగిపోదా?"

"మిసన్లు ఓ పక్కకి జరిపితే సరి."

ఇప్పుడు ఆ రెక్కలు మా ఇంటి కింది హాల్లో, అమ్మ నడిపే కుట్టు సెంటర్లో ఉన్నాయి. విమానం ఒళ్లు, ఇంజనుతో సహా, కల్యాణి గారికి తెలిసినవాళ్ల జీడిగింజల గోడౌన్లో భద్రంగా ఉంది. మోకాళ్ల నొప్పులున్నా అమ్మ రోజూ చిరుగు దగ్గర కూర్చుంటోంది. తన దగ్గర పని నేర్చుకునే అమ్మాయి రెక్కకి అటువైపు కూర్చుంటుంది. తీసుకునేవాళ్లు ఇంకా దొరకలేదు. దొరుకుతారు. అందులో నాకు సందేహం లేదు.

ఎయిర్‌స్ట్రిప్ గడ్డి మీద మాత్రం ప్లాట్ల రాళ్లు పాతేశారు... మొన్న బస్సులోంచి చూశాను.

భీమిలి బస్సు కిటికీలోంచి ఆ పసుపు విమానాన్ని చూసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే రాయండి... అమ్మకి చదివి వినిపిస్తాను. దాన్ని నిలబెట్టడానికి చోటుందంటే ఇంకా సంతోషం.

మా వీధి పిల్లలు పైన విమానం వెళ్తే ఇప్పుడు తలెత్తి కూడా చూడరు... బడి నుంచి వస్తూ మా గుమ్మం ముందు మాత్రం ఆగిపోతున్నారు.