ఉబెర్లిందా పిలిచిన మింగా

ఉబెర్లిందా కొన్యువెకార్‌కు కోపం ఎక్కువని మా అరాయాన్‌ ఊళ్ళో అందరూ అంటారు. అబద్ధం. ఆమెకు ఉండాల్సినంతే ఉంది, మాకే తక్కువ. మాకున్న ఆ తక్కువను చూసుకునే దోన్ ఫ్రోయిలాన్ నదిలో రాతికట్ట కట్టుకున్నాడు.

ఆమె మా నాన్నకు వరసకు చెల్లెలు, నాకు అత్త. భర్త సముద్రంలో పోయాక కాసిని గొర్రెలు, ఒక జత ముసలి ఎడ్లు, ఆటు తీసినప్పుడు ఏరుకొచ్చే ఆల్చిప్పలు, వీటితోనే బతుకు ఈడ్చుకొచ్చింది. నోరు మంచిది కాదు. ప్రార్థన ఆలస్యమైతే పాదిరీనైనా కడిగేస్తుంది. కానీ ఊళ్ళో ఎవరి ఇల్లు జరపాల్సి వచ్చినా తాడు మీద పడే మొదటి చెయ్యి ఆమెదే. మావి చెక్క ఇళ్ళు. నేల కుంగినా, అలలు దగ్గరికొచ్చినా, కింద దుంగలు పెట్టి, ఊళ్ళోని ఎడ్లన్నీ కట్టి ఇంటికి ఇల్లే లాక్కుపోతాం. దాన్ని మింగా అంటాం. కూలి ఉండదు. పిలిచినవాళ్ళు కడుపునిండా పెట్టాలి, వచ్చినవాళ్ళు వాళ్ళు చెప్పిన పని చెయ్యాలి. భోజనం వడ్డించేదాకా ఎవరి ఎడ్లైనా పిలిచినవాళ్ళవే.

ఫ్రోయిలాన్ అవతలి ఒడ్డున, చేపల వేటకొచ్చే విదేశీయుల కోసం గదులు కట్టాడు. వరదొస్తే పచ్చిక పాడవుతోందని తన ఒడ్డు నుంచి నది నడిమి దాకా బండరాళ్ళు పేర్పించాడు. నది ఏం చేస్తుంది? అక్కడ తంతే ఇక్కడికొచ్చింది. అప్పటినుంచి అత్త బంగాళాదుంపల చేను కొంచెం కొంచెంగా ఏట్లో కలిసిపోతూ వచ్చింది. చివరికి వంటింటి కిటికీ తీస్తే కింద నీళ్ళే.

ఆ ఏడు సెప్టెంబరు చివర, మా వైపు చలికాలం వెళ్ళిపోయే రోజుల్లో, మంచు కొండ మీది అడవి నడుముదాకా దిగింది. వెనకే రేడియోలో హెచ్చరిక వచ్చింది: ఉత్తరపు గాలి, వెచ్చటి వాన. అది మంచు మీద పడిందంటే కొండ మీద ఉన్నదంతా ఒక్కసారే కరిగి కిందికొస్తుందని ఇక్కడ పాలు తాగే పిల్లలకూ తెలుసు. మునిసిపాలిటీ నుంచి ఒకమ్మాయి వచ్చి, అది ప్రమాద ప్రాంతమనీ ఇల్లు వెనక్కి జరుపుకోమనీ చెప్పి వెళ్ళింది. ప్రమాదమట! వానను తప్పు పట్టారు, మంచును తప్పు పట్టారు. కట్ట మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ అమ్మాయిని అత్త ఒక్క మాటా అనలేదు. మాకు అప్పుడే అనుమానం రావాల్సింది. మర్నాడు గడపగడపకూ వెళ్ళి, "రేపు మింగా. ఎడ్లు తోలుకురండి, ఇనప గొలుసులు కూడా తెండి" అని చెప్పింది. ఇంటికి తాళ్ళు చాలు కదా, గొలుసులెందుకని ఎవరూ అడగలేదు.

అందరం వెళ్ళాం. అత్త గొర్రెను కోసింది. పెరట్లో గుంత తీసి, కాలిన రాళ్ళ మీద ఆల్చిప్పలు, పంది మాంసం, దుంపలు పేర్చి ఆకులు కప్పింది. చలికి నది ఇంకా సన్నగానే పారుతోంది. ఫ్రోయిలాన్ కూడా వచ్చాడు. ఊళ్ళోకెల్లా బలమైన ఎడ్ల జత, కొత్త టోపీ, వెనక ఫొటోలు తీసే అతిథులు. ఇల్లు కాస్తా వెనక్కి పోతే ఇక కట్ట ఊసెత్తేవాళ్ళుండరని అతని సంబరం.

"ఎటు లాగమంటావత్తా?" అన్నాను.

"ఇంటి మీద చెయ్యేస్తే విరగ్గొడతా. అదిగో, దాన్ని లాగండి" అని నదిలోని కట్ట వైపు చూపించింది.

మేం ఎడ్ల పగ్గాలు పట్టుకుని ఒడ్డునే ఆగిపోయాం. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఆ గదుల్లో పని చేస్తున్నవాళ్ళే. మా ఆవిడ అక్కడే దుప్పట్లు ఉతుకుతుంది.

ఫ్రోయిలాన్ నవ్వాడు. "పెద్దదానివి, ఈ పరాచికాలేంటి? ఆ కట్టకు అనుమతి ఉంది."

"నదికి చూపించావా ఆ కాగితం?"

"నీ మంచికే చెబుతున్నా. ఇల్లు జరుపుకో. నా ఎడ్లు కూడా తెచ్చాను కదా."

"తెచ్చావుగా, అది చాల్లే."

తన ముసలి జతను తోలుకుని నీళ్ళలోకి దిగింది. కట్ట చివరి రాయికి గొలుసు వేసి అదిలించింది. ఎడ్లు జారాయి కానీ రాయి కదల్లేదు. ఎడ్లను తిట్టింది, రాయిని తిట్టింది, తర్వాత మా వైపు తిరిగి పేరుపేరునా అందుకుంది, ముందు నన్నే.

"ఒరే సిక్స్తో! నీ ఇల్లు మెరకెక్కించిన రోజు తాడు ఒరుసుకుని నా భుజం చీరుకుపోయింది. లాగనా వద్దా అని ఇంటికెళ్ళి అడిగొచ్చానట్రా? ఏమే బెర్నార్దితా, మీ అమ్మ ఇల్లు జరిపినప్పుడు దుంగ కింద వేలు నలిగింది ఎవరిదే? తినడానికైతే పళ్ళెం పట్టుకుని ముందుంటారు, సిగ్గులేని మొహాలు!"

సిగ్గేసింది. సిగ్గు వెనకే కోపం వచ్చింది, ముందు ఆమె మీద. నీళ్ళు మోకాళ్ళకు తగిలేసరికి ఆ కోపం తగినవాడి మీదకు తిరిగింది. నా ఎడ్లు దిగాయి, వెనకే మిగతావాళ్ళవీ దిగాయి.

చిన్న రాళ్ళు ఒక్కొక్కటే ఊడొచ్చాయి. కట్ట మధ్యలోని పెద్ద బండ మాత్రం ఎన్ని జతలు కట్టినా రాలేదు. అందరి కళ్ళూ ఒకే జత మీద పడ్డాయి. అత్త ఒడ్డెక్కి ఫ్రోయిలాన్ ఎదుట నిలబడింది.

"దోన్ ఫ్రోయిలాన్, గుంత మీద ఆకులింకా తియ్యలేదు."

వడ్డన కాలేదు, ఎడ్లింకా ఆమెవేనని అతనికి అర్థమైంది. "నేను తోలను" అన్నాడు.

"నిన్నెవరు తోలమన్నారు? ముల్లుగర్ర ఇటివ్వు."

మింగాకు తెచ్చిన ఎడ్లను మధ్యలో విప్పుకుపోయినవాడు చస్తే శవపెట్టె మోయడానికి నలుగురు దొరకరు. అతనూ ఇక్కడ పుట్టినవాడే. కాసేపు పళ్ళు నూరి కర్ర వదిలేశాడు. అతిథులు సంబరంగా ఫొటోలు తీస్తూనే ఉన్నారు. అత్త తోలితే ఆ ఎడ్లు వంగి లాగాయి, బండ దొర్లింది. నీళ్ళు ముందు మట్టి రంగుగా, తర్వాత తేటగా, మా తాతల నాటి దారి పట్టాయి.

మర్నాడు ఉత్తరపు గాలి లేచింది. కొండ కరిగి దిగొచ్చింది. అత్త ముందే ఖాళీ చేసిన గొర్రెల దొడ్డి కొట్టుకుపోయింది కానీ ఇల్లు నిలిచింది. అవతల పచ్చిక మీద మోకాలి లోతు బురద పేరుకుంది.

ఆ తర్వాత పోలీసులొచ్చారు. "రాళ్ళు తీసిందెవరు?" అని అడిగారు.

"పెద్ద బండను దోన్ ఫ్రోయిలాన్ ఎడ్లే లాగాయి సార్. ఫొటోలు కూడా ఉన్నాయి" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు.

అత్త నవ్వలేదు. నన్ను పక్కకు నెట్టి ముందుకొచ్చింది.

"ఎడ్ల చాటున దాక్కుంటావేంట్రా? నేను తీయించాను సార్, రాసుకోండి. ఇన్నేళ్ళూ నా చేను కొట్టుకుపోతుంటే మీలో ఒక్కడూ ఇటు తొంగిచూడలేదు. ఆయన గడ్డి తడిస్తే మాత్రం పరిగెత్తుకొచ్చారు. కట్టుకోమనండి మళ్ళీ. మళ్ళీ పిలుస్తాను. ఇంకా గొర్రెలున్నాయి నాకు."