పేజీ అడుగున ఒక పేరు

మొన్న మేనల్లుడి దరఖాస్తు నింపించడానికి కూర్మన్నపాలెం కూడలిలో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాను. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూనే విశ్వవిద్యాలయం పేజీ తెరిచి, కుర్రవాడి పేరూ ఊరూ తెలుగులో టకటకా కొట్టి, కాగితం తీసి నా చేతిలో పెట్టింది. ఒత్తులు ఒత్తుల్లాగే ఉన్నాయి, గుడులూ దీర్ఘాలూ వాటి చోట్లలోనే ఉన్నాయి. నేను కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని అక్షరం అక్షరం చూస్తుంటే, "ఏటండీ, తప్పు పడిపోనాదా?" అని ఆ పిల్ల కంగారు పడింది. తప్పు లేదమ్మా అన్నాను. తప్పు లేకపోవడమే నాకు వింతగా ఉందని ఆమెకు ఎలా చెప్పను? ఆ కాలం చూసిన మీకైతే చెప్పవచ్చు. ఒక కంప్యూటర్లో ముత్యాల్లా కనబడ్డ తెలుగు పక్క గదిలోని కంప్యూటర్లో పిచ్చి గీతలైపోయిన రోజులు మనవి.

ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. విశాఖకు రేవు కట్టకముందు ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి, సరుకంతా పడవల మీద ఒడ్డుకు చేరేది, ఆ పడవల్లో చాలావాటికి మా ముత్తాతగారు యజమాని. రేవు వచ్చి ఓడలు నేరుగా గట్టుకే ఆనుకోవడం మొదలయ్యాక పడవలతో ఎవరికీ పని లేకపోయింది. తాతగారి కాలానికి పడవలు పోయాయి, గోదాము పోయింది, నాన్న అదే రేవులో సరుకు దింపుడు చూసే గుమాస్తాగా చేరారు. వన్ టౌన్‌లో మా పాత గోదాము గోడ మీద ఎవరో టోకు వ్యాపారి తన పేరు రాయించుకున్నాడు గానీ, వానకు గోడ తడిసినప్పుడు ఆ రంగు కింది నుంచి మా ఇంటిపేరు లీలగా పైకి తేలేది. అక్షరమంటే నాకు కుతూహలం పుట్టింది అక్కడే. రాసినవాడు కుంచె ఎక్కడ అదిమాడో, ఎక్కడ తేల్చాడో, తలకట్టు దగ్గర చెయ్యి ఎలా తిప్పాడో గొడుగు పట్టుకుని నిలబడి చూసేదాన్ని. ఆ పేరు ఇక్కడ రాయను, రాస్తే ఇప్పటికీ గొప్ప చెప్పుకున్నట్టే ఉంటుంది. మా ఇంట్లో పిల్లలకు నేర్పింది ఒక్కటే, వీపు నిటారుగా పెట్టుకోవడం, ఎవరినీ ఏదీ అడగకపోవడం.

తొంభైల చివర నేను విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదువుతుండగా, కంప్యూటర్ సెంటర్‌లో ఇంటర్నెట్ పేజీలు తయారుచేసే పనికి బొమ్మలు గీయడం వచ్చిన విద్యార్థి కావాలన్నారు. మా మాష్టారు నన్ను పంపారు. చెప్పులు గుమ్మం బయట విప్పి, దేవుడి గదిలోకి వెళ్లినట్టు ఆ చల్లని గదిలోకి వెళ్లేవాళ్లం, గుర్తుందా? అక్కడ నాకు దొరికిన మొదటి వింత ఏమిటంటే, ఏ పేజీ మీదనైనా మౌస్ కుడి మీట నొక్కి అడిగితే అది తన లోపలి రాతంతా విప్పి చూపేది. ఒక చీర మడత తిప్పి నేత చూసినట్టు నేను దేశదేశాల పేజీలను తిప్పి చూశాను. ఒక్క అక్షరాన్ని పెద్దది చేసుకుంటూ పోతే చివరికి అది గచ్చు మీద పరిచిన పలకల్లా చిన్న చిన్న గళ్లుగా మిగిలేది, వాటిలో ఏ గడి నలుపైతే 'అ', ఏ గడి తెలుపైతే 'ఆ' అని గంటలు గంటలు చూస్తూ కూర్చునేదాన్ని. రెండో వింత, ప్రతి పేజీ అడుగున చేసినవారి పేరు చిన్న అక్షరాల్లో ఉండటం. అది చూసిన రోజు నుంచి నాకు వేరే కోరిక లేదు. గోడ మీద చెరిగిపోయిన మా ఇంటిపేరు విశ్వవిద్యాలయం తెలుగు పేజీ అడుగున ఉండాలి.

నాతో పనిచేసేవాడు ఒకడుండేవాడు, కంప్యూటర్ సైన్సు విద్యార్థి, నాకంటే ఒక సంవత్సరం పెద్ద, సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం నుంచి వచ్చినవాడు. పేజీలు నడిచే ఏర్పాటు అంతా అతనిది, కంటికి కనబడేదంతా నాది. నా నడక చూసి మొదటి వారంలోనే నాకు దొరసాని అని పేరు పెట్టాడు. తెలుగు పేజీ పూర్తయి, మర్నాడు పరిపాలన భవనంలో పెద్ద అధికారి గదిలో చూపించాలనగా, వెళ్తూ వెళ్తూ, "దొరసానిగారూ, ఆ పెద్దాయన కంప్యూటర్లో మీ ఫాంట్ ఎయ్యించేరా?" అని అడిగాడు. అది ఎందుకు అడిగాడో నాకు తెలియలేదు. తెలియదని చెప్పడం నా వల్ల కాదు. "నా పని నేను చూసుకోగలను" అన్నాను.

మర్నాడు నలుగురు పెద్దల ముందు పేజీ తెరుచుకుంది. స్వాగతం అని ఉండవలసిన చోట డాలరు గుర్తులు, తల మీద చుక్కలున్న ఏవో పరాయి అక్షరాలు, మధ్యలో ఒక తిరగబడ్డ ప్రశ్నార్థకం. అడుగున మా ఇంటిపేరు ఉండవలసిన చోట కూడా అదే చెత్త. పెద్ద అధికారి కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. సోమవారానికి సరిగ్గా కనబడితే సరి, లేకపోతే తెలుగు పేజీ మానేద్దాం, ఇంగ్లీషుది చాలు అన్నారు.

తిరిగొచ్చి, నా పేజీలో మీరే చెయ్యి పెట్టారు అని అతని మీద పడ్డాను. అతను కుర్చీ నా వైపు తిప్పి నవ్వాడు. "నానేటి సేసేనండీ? మీ అచ్చరాలు మీ ఇంట్లోనే ఉండిపోనాయి. పిలవకుండా పెద్దాయన గదికి ఎలాగెల్తాయి?" అన్నాడు.

అప్పుడు తెలిసింది. నేను కొట్టిన 'క' నిజంగా 'క' కాదు, అది ఏదో ఇంగ్లీషు అక్షరం, నా కంప్యూటర్లో ఉన్న ఫాంట్ దానికి 'క' వేషం వేసి చూపిస్తోంది. ఫాంట్ లేని చోట వేషం ఊడిపోతుంది. నాకు సిగ్గు వేసిందో, ఆశ్చర్యం వేసిందో చెప్పలేను, కాసేపటికి ఆశ్చర్యమే గెలిచింది. ఆ రోజు జీవితంలో మొదటిసారి ఒకరిని అడిగాను, ఇప్పుడేం చెయ్యాలి అని. అతను ఎగతాళి చేస్తాడనుకున్నాను. "రాయొద్దండీ. గీసీయండి. బొమ్మకి ఏ ఫాంటూ అక్కర్లేదు" అన్నాడంతే.

ఆ మూడు రోజులూ నేను ప్రతి తెలుగు మాటనూ నా ఫాంట్‌లోనే కొట్టి బొమ్మగా మారుస్తూ కూర్చున్నాను, అతను ఒక్కొక్క బొమ్మనూ సైజు తగ్గించి తేలిక చేసి దాని చోట అతికిస్తూ వచ్చాడు. సోమవారం పెద్దాయన గదిలో స్వాగతం పై నుంచి కిందికి నిదానంగా, తెర దించినట్టు, దిగింది. ఒక్క ఒత్తు చెదరలేదు. అడుగున 'రూపకల్పన' అని రాసి, దాని పక్కన నా పేరు ఇంటిపేరుతో సహా పెట్టాను. నా ఒక్కదాని పేరే. అతను అది చూసి వేరే పనిలో పడిపోయాడు.

ఆ వారం చివర ఆదివారం నాన్నను వన్ టౌన్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇరుకు బెంచీ మీద నిటారుగా కూర్చుని ఆయన ఆ పేజీ అడుగు దాకా దిగేవరకు కన్నార్పలేదు. తెర మీద ఆ పేరు కింద వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకున్నారు. తరవాత, "ఇదంతా నువ్వొక్కర్తివే చేసేవేటమ్మా?" అన్నారు. లేదు, ఒక అబ్బాయి సాయం చేశాడన్నాను. "మరి ఆ అబ్బాయి పేరేదీ?"

నేను మౌస్‌తో పేజీని మళ్లీ పైకి జరిపాను. ఆయనే మెల్లగా అన్నారు: "మన పడవలకి ఓ పక్క మన పేరు, రెండో పక్క సరంగు పేరు రాయించేవారమ్మా. నడిపినవాడి పేరు లేని పడవ మన ఇంట్లో లేదు."

పడవల కథ పుట్టినప్పటి నుంచి వింటున్నాను, ఈ ముక్క మాత్రం ఎవరూ నాకు చెప్పలేదు, లేదా నేనే వినిపించుకోలేదు. ఆ పడవలు నడిపిన సరంగులంతా ఒడ్డునున్న జాలరి ఇళ్లవాళ్లే.

మర్నాడు, సోమవారం, అతన్ని ఇంటిపేరు అడిగాను. ఏడాదిగా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఇంటిపేరు నాకు తెలియదు. ఎందుకో చెప్పాక, "ఒగ్గీయండి, నా పేరు ఎవుడు సూత్తాడు" అన్నాడు. నేను వదల్లేదు. చివరికి చెప్పి, "లావత్తు కాదండోయ్, ళావత్తు. ళ కింద ళ. అది తప్పెయ్యకండి, మా అయ్య సదువుకోనేదు గానీ ఆ ఒత్తు దగ్గర మాత్రం ఊరుకోడు" అన్నాడు. మా ఇంటిపేరులో ఒక్క దీర్ఘం తగ్గితే నేను ఎంత రభస చేసేదాన్నో నాకే తెలుసు.

చిక్కేమిటంటే నా ఫాంట్‌లో ళావత్తు లేదు. అప్పటిదాకా వాళ్లు, కళ్లు అని లావత్తుతోనే నెట్టుకొచ్చాను కాబట్టి ఆ లోటు నాకు తెలియనే తెలియదు. ఇక గడి గడిగా గీయడమే దారి. ఆ మధ్యాహ్నమంతా ఆ ఒక్క ఒత్తు మీదే కూర్చున్నాను. సున్న గుండ్రంగా వస్తే తోక మూసుకుపోయేది, తోక విప్పితే కింది గీతకు తగిలేది. నాలుగు గళ్లు తీసి, రెండు చేర్చి, కళ్లు చికిలించి దూరంగా జరిగి చూసుకుని, మళ్లీ చెరిపి గీశాను. నా చేతి మీదుగా వచ్చిన అక్షరాల్లో అంత శ్రద్ధగా చేసింది ఇంకొకటి లేదు. అయ్యాక పిలిచి చూపించాను. అతను తెరకు ముక్కు ఆనించి చూసి, "అయ్యకి సూపించాలండీ" అన్నాడు, ఆ సంవత్సరంలో మొదటిసారి వెటకారం లేకుండా.

అతని పేరు ముందా నా పేరు ముందా అని అడుగుతారేమో. పక్కపక్కనే పెట్టాను. ఎడమ వైపు మాత్రం నాదే, అంత తేలికగా వంగే వీపు కాదు మాది.

ఆ పేజీ కొన్నేళ్లు ఉండి, తరవాత కొత్తది రావడంతో పోయింది. అతను ఈ ఊళ్లోనే ఉద్యోగం చేసుకుని స్థిరపడ్డాడు, అప్పుడప్పుడు పెళ్లిళ్లలో కనబడతాడు. మేం చేసిన అక్షరాలన్నీ బొమ్మలే కాబట్టి ఇప్పుడు ఎంత వెతికినా ఏ యంత్రానికీ దొరకవు. యంత్రం లెక్కలో మేం తెలుగులో ఒక్క ముక్కా రాయనట్టే. ఇప్పటి అక్షరం ఎక్కడికి పంపినా అక్షరంగానే వెళ్తుంది, అది మంచిదే, దానికోసం మనవాళ్లు ఎందరో కష్టపడి ఉంటారు. వాళ్ల పేర్లేమిటో నాకు తెలియదు, తెలుసుకోవాలని ఉంటుంది. అందుకే ఇప్పటికీ ఏ పేజీ తెరిచినా పైన ఏముందో చూడకుండా ముందు అడుగుకు దిగుతాను. అక్కడ సంవత్సరం ఉంటుంది, హక్కులన్నీ తమవేనన్న మాట ఉంటుంది. ఎవరు గీశారో, ఎవరు నడిపారో ఉండదు.